నడిమి గొంతుక నాయకత్వము

1953వ సంవత్సరము జూన్ నెల 22వ తేదీన న్యూయార్కు నగరమందలి డబ్ల్యు.ఓ.ఆర్. స్టూడియోలో ఒక చిన్న ఎల్పీ రికార్డునకు సరిపడు ఆఱు పాటలు వాయింపబడినవి. ఆనాటి బృందమునకు నాయకుడైన జె. జె. జాన్సన్ ఇరువదితొమ్మిదేండ్లవాడు. ట్రాంబోన్ వాద్యమున తనకు సాటిలేరని పేరు మోసియు, ఆ పేరుతో ఇల్లు గడవమి చేత, పది నెలలకు ముందే స్పెర్రీ కంపెనీ కర్మాగారములో యంత్రముల నమూనా పటములను తనిఖీ చేయు ఉద్యోగమున కుదురుకొన్నవాడు. అట్టివాడు పిలువగా వచ్చినవారెవరనగా, ట్రంపెట్టునకు క్లిఫర్డ్ బ్రౌన్, సాక్సఫోనునకు జిమ్మీ హీత్, పియానోకు జాన్ లూయిస్, బేసునకు జిమ్మీ అన్నగారైన పెర్సీ హీత్, డ్రమ్ములకు కెన్నీ క్లార్క్. ఈ పేర్లలో ఏ యొక్కటి కనబడినను రికార్డు కొనువారు తరువాతి కాలమున వేలకొలది ఏర్పడిరి. ఆఱుగురును ఒకే అట్టమీదికెక్కిన ఆ రికార్డును బ్లూ నోట్ సంస్థ వెలువరించెను; అందలి పాటలు పిమ్మట ‘ది ఎమినెంట్ జె జె జాన్సన్’ అను సంపుటముల పేరుతో ప్రసిద్ధములైనవి.

ఇట్టి ఆల్బములను సమీక్షించువారు తఱచుగా తోడు వచ్చినవారి పట్టికయొద్దనే ఆగిపోవుదురు. క్లిఫర్డ్ బ్రౌను తొలినాళ్ళ రికార్డులలో నొకటియని కొందఱును, అప్పుడప్పుడే రూపుదాల్చిన మోడరన్ జాజ్ క్వార్టెట్టులోని ముగ్గురు ఇందున్నారని కొందఱును దీనిని కొని దాచుకొందురు. పెండ్లికి పోయి, వచ్చిన చుట్టములను చూచి మురిసి, పెండ్లికొడుకు మొగమైనను చూడక భోజనము చేసి వచ్చినట్లున్నది ఈ వ్యవహారము. ట్రాంబోన్ నాయకత్వము వహించిన ఆల్బములకు పెక్కింటికి ఈ గతియే పట్టినది. ఐనను ఆ చుట్టములను ఏరి పిలిచినవాడెవడు, ఏ పంక్తిలో ఎవరిని కూర్చుండబెట్టెను అని ఒకమాఱు విచారించినచో, వీనికన్నిటికిని సామాన్యమైన గుణమొకటి బయటపడును. ఇవి వాద్యకారుని విజయఘోషల కంటె కూర్పరి ఏర్పాట్లకు దగ్గఱగా నుండును. బృందమున ఏండ్ల తరబడి నడిమి గొంతుకయై, పైన ట్రంపెట్టును క్రింద బేసును వినుచు కూర్చున్నవానికి సంగీతపు లోపలి అల్లిక తెలిసినంతగా ఇతరులకు తెలియుట అరుదు. అట్టివానికి పెత్తనము దొరికినపుడు తాను ముందునకు వచ్చి గొంతెత్తుట కంటె, ఎవరెక్కడ నిలువవలెనో నిర్ణయించుటయే చేతికి సులువుగా వచ్చును.

ఈ మాట నిలువవలెనన్న వాద్యమును గూర్చి కొంత చెప్పక తప్పదు. ట్రాంబోన్ అనగా ఇటలీ భాషలో పెద్ద ట్రంపెట్టు అని అర్థము. సుమారు తొమ్మిది అడుగుల ఇత్తడి గొట్టమును మడతలు పెట్టి, అందొక మడతను ముందునకు వెనుకకు జరుపుటకు వీలుగా అమర్తురు. మీటలు లేవు, రంధ్రములు లేవు, వీణకున్నట్లు మెట్లును లేవు. ఆ జారుగొట్టమునకు ఏడు తావులు. ఒక్కొక్క తావు దాటినకొలది స్వరము అర్ధస్వరము చొప్పున దిగును. తావులకు గుర్తులుండవు గాన, వయొలిన్ విద్వాంసుని వ్రేలివలె ఇచ్చట చేయియే చెవి నడిగి తన చోటు వెదకుకొనవలెను. మన సంగీతమున జారు అని పిలుచు గమకము దీనికి పుట్టువుతో వచ్చిన గుణము. తక్కిన వాద్యములు జారును సాధన చేసి తెచ్చుకొనగా, ఇది జారకుండ పలుకుటకు సాధన చేయవలసియున్నది.

న్యూ ఆర్లియన్సు నగరమున బండ్లమీద వాద్యబృందములు వీధులు తిరుగు కాలమున, జారుగొట్టము తోటివారి వీపులకు తగులకుండుటకై ట్రాంబోన్ వాయించువానిని బండి వెనుక చివర, తలుపు దించిన చోట కూర్చుండబెట్టెడివారు. ఆ బాణీకి టెయిల్‌గేట్ అను పేరు అందుచేతనే వచ్చెను. 1925లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ హాట్ ఫైవ్ రికార్డులలో కిడ్ ఓరీ వాయించినది ఈ బాణీయే: ట్రంపెట్టు పాట నడుపగా, క్రిందనుండి పెద్ద పెద్ద జారులతో ఒక స్వరసంఘమునుండి మఱొకదానికి వంతెన వేయుట. టెక్సాసువాడైన జాక్ టీగార్డెన్ ఈ వాద్యమునకు తీరికైన గానము నేర్పెను. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందమున ట్రిక్కీ శామ్ నాంటన్ తూములు శుభ్రపఱచు రబ్బరు గిన్నెను వాద్యపు మూతికి అడ్డుపెట్టి మూయుచు తెఱచుచు, మాటలు రాని మనుష్యుడు మొఱపెట్టుకొనుచున్నాడా యనిపించు పలుకులు పలికించెను. అదే బృందమున హువాన్ టిజోల్ జారుగొట్టమునకు బదులు మీటల ట్రాంబోన్ వాయించుచు, ‘కారవాన్’ వంటి రచనకు కర్తయయ్యెను. పాత వంతుల పంక్తిలో కూర్చుండియే రచయితలైన వారు అప్పటికే కలరన్న మాట.

1940ల నడుమ చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ ప్రభృతులు బీబాప్ అను కొత్త ఫణితిని తెచ్చినపుడు ట్రాంబోనునకు గడ్డుకాలము దాపురించెను. ఆ వేగమున సాక్సఫోనునకు వ్రేళ్ళు కదలిన చాలును, ట్రంపెట్టునకు మూడు మీటలు. ట్రాంబోనునకో భుజము మొదలు మణికట్టు వఱకు కదలవలెను. ఇండియానాపొలిస్ నుండి వచ్చి బెన్నీ కార్టర్, కౌంట్ బేసీల కొలువులో పనిచేసిన జాన్సన్ ఈ చిక్కును విప్పిన తీరు దగ్గఱనుండి చూడదగినది. ఒకే స్వరము ఈ వాద్యమున ఒకటికి మించిన తావులలో దొరకును. పియానో నడిమి ‘సి’కి ప్రక్కనున్న ‘డి’ స్వరము, గొట్టము పూర్తిగా లోనికి తీసికొన్నపుడును పలుకును, నాల్గవ తావునను పలుకును. పెదవి బిగువు మాత్రము మారును. కావున తెలిసినవాడు స్వరము మీదికెక్కుచుండగా గొట్టమును బయటికే జరుపుచు, తావునకు తావునకు నడుమ పెదవితో మెట్టు దాటిపోవును. అట్లు దాటునపుడు గాలి తనంత తానే తెగును గాన జారు వినబడదు, ప్రతి స్వరమును ముత్యమువలె విడివిడిగా రాలును. దీనికి తోడు నాలుక మెత్తగా తగిలించి స్వరమును మొదలుపెట్టుట. నాదస్వర విద్వాంసుల తుత్తుకారమెఱిగినవారికి ఇందలి శ్రమ వేఱుగా చెప్పనక్కఱలేదు. 1946లో సవాయ్ సంస్థకు తాను నాయకుడుగా ఇచ్చిన మొదటి రికార్డులలో, పియానోకు బడ్ పవెల్, డ్రమ్ములకు మాక్స్ రోచ్ కూర్చుండగా, ఇరువదిరెండేండ్ల జాన్సన్ ఆ ఇద్దఱి వడిని అందుకొనగలిగెను. రికార్డు మాత్రము విన్నవారు ఇది జారుగొట్టము కాదు, మీటల ట్రాంబోన్ అని వాదించుటయు కలదు.

ఆ గెలుపునకు చెల్లించిన మూల్యమును గూర్చి మెచ్చుకోలు వ్రాతలలో అంతగా కనబడదు. జారును వదలుకొనుటచే ఓరీ నవ్వును, నాంటన్ మొఱయును ఆ వాద్యమునుండి తొలగిపోయినవి. జాన్సన్ స్వరము నున్ననిది, కంపము లేనిది, ఒక్కొక్కప్పుడు తనిఖీదారు పటముమీద గీత సరిచూచుకొనుచున్నట్లుండును. ఈ చల్లదనమును దోషమనువారున్నారు. నేను దోషమనను, ఒంటరిగా వినుటకు కొంత కొఱతయే యందును. ఆ కొఱతను అతడే ముందుగా గుర్తించియుండవలెను, లేకున్న తోటివారిని ఏరుటలో అంత జాగ్రత్త పడియుండడు.

ఇప్పుడు 1953 నాటి స్టూడియోకు మరలి వత్తము. క్లిఫర్డ్ బ్రౌనునకు అప్పటికి ఇరువదిరెండేండ్లు. మూడేండ్ల క్రితము కారు ప్రమాదమున గాయపడి చాలకాలము ఆసుపత్రి పాలైనవాడు, ఆ జూన్ నెలలోనే 9వ తేదీన లూ డొనాల్డ్‌సనుతో, 11వ తేదీన టాడ్ డామరన్‌తో రికార్డు చేసి, 22వ తేదీన ఇచ్చటికి వచ్చెను. అతని ట్రంపెట్టు నాదము నిండైనది, వెచ్చనిది. జాన్సన్ చల్లదనమునకు సరియైన జోడు. ఇంతటి వేడిమిగల కుఱ్ఱవానిని ప్రక్కన నిలుపుకొనుట నాయకునికి అపాయమే. వినువారి చెవి అటు పోవును, పోయినది కూడ. ఐనను జాన్సన్ అతనిని అణచి ఉంచలేదు. పాట మొదట ముగ్గురు ఊదువారును కలిసి పలుకు చోట్ల గమనింపుడు: మీది అంచు ట్రంపెట్టునకు విడిచి, నడుమనుండి ట్రాంబోన్ ఆ అంచునకు బరువు కూర్చుచున్నది. జిమ్మీ హీత్ సాక్సఫోన్ ఆ రెంటిని కుట్టిన దారము. తమ్ముని ఊపిరి అన్నగారి బేసునకు ఎఱుకే గదా!

పాటల ఎంపిక సైతము మాటాడును. ఆఱింటిలో ‘లవర్ మాన్’, ‘ఇట్ కుడ్ హాపెన్ టు యు’, ‘గెట్ హాపీ’ అనునవి జనమునకు తెలిసిన వరసలు. ‘కాప్రీ’ జిజీ గ్రైస్ రచన. ‘స్కెచ్ వన్’ జాన్ లూయిస్‌ది. ‘టర్న్‌పైక్’ ఒక్కటే నాయకుని సొంతము. తన పేర వెలువడు రికార్డులో తన రచన ఒక్కదానితో సరిపెట్టుకొని, పియానో వాయించువాని రచనకు చోటిచ్చిన నాయకుని వినయమునకు ఇది గుర్తు అనుకొనవచ్చును. నాకు మాత్రము ఇది వినయము కంటె లెక్కగా తోచును. లూయిస్ రచనలలో మనోధర్మమునకును కూర్పునకును సరిహద్దు చెఱపివేయు నేర్పు కలదు. ఒక్క వాద్యపు ప్రతాపముతో అట్టివి నిలువవు, అల్లికతో నిలుచును. బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ రికార్డింగునకు ముందు సాధనకు సైతము సొమ్ము చెల్లించెడివాడు గాన, వచ్చినవారు వచ్చినట్లు వాయించి పోవు తక్కిన సంస్థల పద్ధతి కంటె ఇచ్చట అల్లికకు వ్యవధి దొరికెడిది.

‘టర్న్‌పైక్’ అనగా సుంకము చెల్లించి పోవు పెద్ద రహదారి. ఆ పాట వడిగలది, క్లిఫర్డ్ బ్రౌన్ దానిలో వెనుదిరిగి చూడని వానివలె పరుగెత్తును. 1956 జూన్ 26వ తేదీన పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీదనే కారు అదుపు తప్పి అతడు మరణించెను. బడ్ పవెల్ తమ్ముడైన పియానో విద్వాంసుడు రిచీ పవెల్, అతని భార్యయు ఆ ప్రమాదముననే పోయిరి. ఇది ఎఱిగిన పిమ్మట ఆ పాటను మునుపటివలె వినుట ఎవరి తరమును కాదు.

తరువాతి రెండు సంపుటములను దీనితో పోల్చిన, తోడు మారినకొలది నాయకుడు మారుట కనబడును. 1954 సెప్టెంబరులో రెండవ సంపుటమునకు పియానోకు వింటన్ కెల్లీ, బేసునకు చార్లెస్ మింగస్, డ్రమ్ములకు మరల కెన్నీ క్లార్క్, కాంగా డ్రమ్ములకు సబూ మార్టినెజ్. ఊదువాద్యము మఱొకటి లేదు. ఇచ్చట జాన్సన్ మొత్తము పాటను తానే మోయవలసివచ్చెను; మోసెను, కాని పైన చెప్పిన ఆ ఒంటరితనము అక్కడక్కడ తొంగిచూచును. 1955 జూన్‌లో మూడవదానికి హాంక్ మోబ్లీ సాక్సఫోన్, హోరేస్ సిల్వర్ పియానో, పాల్ చేంబర్స్ బేసు. ఈమాఱు మరల చుట్టపక్కాల నడుమ పెద్దన్నగారి తీరు. మూడు చిన్న రికార్డులు పిమ్మట రెండు పెద్ద ఎల్పీలుగా కూర్చబడుటచే వరుస తెలియక వినువారికి ఈ తేడా అంతగా పట్టదు.

ఇంతలో డెన్మార్కున పుట్టిన కై విండింగ్ అను మఱొక ట్రాంబోన్ విద్వాంసునితో 1954లో జాన్సన్ జట్టు కట్టెను. రెండు ట్రాంబోనులు, తక్కిన ఊదువాద్యములు లేవు. బాగుండదనుకొన్న ఈ ఏర్పాటే జనమునకు నచ్చి, కర్మాగారపు ఉద్యోగమును విడిపించెను. ఆ రికార్డులు ముచ్చటగా నుండును, ఆయువు మాత్రము తక్కువ. పది పాటలు వరుసగా వినిన తీపి తిన్న నోరగును. ఈ బాటలో నాకు ఎక్కువ ప్రియమైనది వేఱొకటి కలదు. 1958 డిసెంబరులో మెల్బా లిస్టన్ ‘మెల్బా లిస్టన్ అండ్ హెర్ బోన్స్’ అను ఆల్బము కూర్చి, బెన్నీ గ్రీన్, ఆల్ గ్రే, జిమ్మీ క్లీవ్‌లాండ్, స్లైడ్ హాంప్టన్ మున్నగు సాటి ట్రాంబోన్ విద్వాంసులనే తోడు పిలిచెను. నాయకురాలుగా ఆమె పేర వచ్చిన ఆల్బము అదొక్కటే. తక్కిన జీవితమంతయు రాండీ వెస్టన్ వంటివారి ఆల్బములకు కూర్పు చేయుటలో, ఇతరుల పేర్ల క్రింద, గడచిపోయినది. నడిమి గొంతుక అను మాటకు ఇంతకంటె నిక్కమైన ఉదాహరణము దొరకదు. ఆమెకు దక్కిన కీర్తి ఆమె పనికి తగినంత కాదన్నది నా అభిప్రాయము. మీటల ట్రాంబోన్ వాయించిన బాబ్ బ్రూక్‌మయ్యర్ ఇట్టివాడే, ఐతే అదృష్టవంతుడు. 1964లో స్టాన్ గెట్జ్, హెర్బీ హాంకాక్, గ్యారీ బర్టన్, రాన్ కార్టర్, ఎల్విన్ జోన్స్ అను మహామహులను చేర్చి చేసిన ఆల్బమునకు తన పేరు ముందుంచి, తక్కిన వారందఱిని మిత్రులు అని తేల్చివేసెను.

జాన్సన్ మార్గమును పూర్తిగా ప్రశ్నించినవాడు గ్రాఖన్ మోన్కర్ మూడవవాడు. 1963 నవంబరు 21న, అనగా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు ముందునాడు, అతడు ‘ఎవల్యూషన్’ అను ఆల్బమును రికార్డు చేసెను. జాకీ మక్లీన్, లీ మోర్గన్ ఊదిరి. పియానోను తొలగించి ఆ స్థానమున బాబీ హచర్సన్ వైబ్రఫోన్ నుంచెను. బేసు బాబ్ క్రాన్‌షా, డ్రమ్ములు పదునెనిమిదేండ్లు నిండని టోనీ విలియమ్స్. పియానో పోవుటతో సంగీతమున కిటికీలు తెఱచినట్లయ్యెను. ట్రాంబోన్ మరల నిదానించి, పొడుగు స్వరములను గాలిలో నిలిపి ఉంచుటకు తావు దొరికెను. జాన్సన్ వేగముతో సాధించిన గౌరవమును మోన్కర్ నిశ్శబ్దముతో సాధించెను. మఱుసటి యేడు జూలైలో చేసిన ‘సమ్ అదర్ స్టఫ్’ ఇంకను సాహసమైనది: వేన్ షార్టర్, హెర్బీ హాంకాక్, సిసిల్ మక్‌బీ, టోనీ విలియమ్స్ తోడుండగా, ‘ది ట్విన్స్’ అను రచనను ఒకే స్వరసంఘము మీద నడిపి, ‘నొమాడిక్’ను దాదాపు మొత్తము డ్రమ్ములకే అప్పగించెను. నాయకుడు తన ఆల్బములో తాను తప్పుకొని నిలుచుట ఇంతకంటె ఏమి ఉండును? నాలుగు రచనలును అతనివే సుమా. పేరు గలవారు ఎందఱున్నను అది మోన్కర్ ఆల్బము కాదనుటకు వీలులేదు.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టువాడైన ఆల్బర్ట్ మాంగెల్స్‌డార్ఫ్ త్రోవ వేఱు. 1964లో గేథే సంస్థ తరపున ఆసియా దేశములు తిరిగి వచ్చి, ఆ దేశముల వరసలను ఆధారము చేసికొని ‘నౌ జాజ్ రామ్‌వాంగ్’ అను ఆల్బము చేసెను. అందొకటి మన రవిశంకర్ రచనను ఆశ్రయించినది. తరువాత అతడు వాద్యమున ఊదుచునే గొంతుతో మఱొక స్వరము పాడి, ఆ రెంటి ఒరిపిడిలో మూడవది, నాల్గవది పుట్టించు విద్యను సాధించి, ఒక్కడే స్వరసంఘములు వాయింపజొచ్చెను. తోటివారిని వెదకు శ్రమ అతనికి అట్లు తప్పినదేమో! ఐనను ఎల్విన్ జోన్స్ తోడుగా 1975లో చేసిన ‘ది వైడ్ పాయింట్’ విన్నపుడు, ఇంత విద్య గలవానికిని ఎదుట మఱొక మనిషి కావలెనని తెలియును.

ఎవరైన ఈ పెక్కింటిలో ఒక్కటి వినిపింపుమన్నచో నేను జాన్సన్‌ను గాని మోన్కర్‌ను గాని తీయను. డెట్రాయిటున అనాథాశ్రమమున పెరిగి, జాన్సన్ వాద్యము విని ట్రాంబోన్ పట్టిన కర్టిస్ ఫుల్లర్ 1959 మే 21న చేసిన ‘బ్లూజెట్’ తీసి పెట్టుదును. రెండేండ్లకు ముందు జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రెయిన్’ ఆల్బమున మూడవ ఊదువాద్యముగా ఎవరెవరి వడినో అందుకొన్న ఫుల్లర్, ఇచ్చట తన వడిని తాను ఎంచుకొనెను. సాక్సఫోన్ బెన్నీ గోల్సన్, పియానో టామీ ఫ్లానగన్, బేసు జిమ్మీ గారిసన్, డ్రమ్ములు ఆల్ హేర్‌వుడ్. టెనర్ సాక్సఫోన్, ట్రాంబోన్ ఇంచుమించు ఒకే స్థాయిలో పలుకునవి. ట్రంపెట్టు పైనెక్కి కూర్చుండు గొడవ లేదు. గోల్సన్ రచించిన ‘ఫైవ్ స్పాట్ ఆఫ్టర్ డార్క్’ మొదటి పంక్తిలో అవి రెండును ఒకే పందిరి క్రింద మాటాడుకొను పొరుగువారివలె కలిసి నడచును. ఏది ఇత్తడి, ఏది రీడు అన్నది ఒక్క క్షణము తెలియదు. పంక్తి చివర ఊపిరి విడుచు తీరులో మాత్రము తేడా బయటపడును. తొందర ఎక్కడను లేదు. జపాను దేశమున ఈ పాటకు గల ఆదరణ అపారము. హారుకి మురకామి 2004లో వెలువరించిన ‘ఆఫ్టర్ డార్క్’ నవలకు పేరు దీనినుండియే వచ్చెను, అందలి యువకుడు ట్రాంబోన్ పట్టుటకు కారణము ఈ పాటయే.

ముప్పదినాలుగేండ్ల పిమ్మట, 1993లో, ‘బ్లూజెట్’కు రెండవ భాగము చేయదలచి ఫుల్లర్ మరల పిలుపు పంపెను. గోల్సన్ వచ్చెను, ఫ్లానగన్ వచ్చెను, హేర్‌వుడ్ వచ్చెను. కోల్ట్రేన్ బృందమున చేరి పేరు గాంచిన గారిసన్ 1976లోనే పోయినందున బేసు రే డ్రమండ్ చేతికి వచ్చెను. ఆ పాత పాటనే మరల ఎత్తుకొనిరి. వడి ఇంచుక తగ్గినదో, నా చెవికే అట్లు తోచునో గాని, ట్రాంబోన్, సాక్సఫోన్ ఈమాఱు పంక్తి చివర ఊపిరిని సైతము ఒక్కసారే విడిచినవి.